మంజూరైన దూరం

ఆ ఏడాది జలవిహార వికాస సంస్థకు కయాకింగ్ పిచ్చి పట్టుకుంది. అంతకు ముందు ఏడాది చిలకల పార్కుల పిచ్చి. దానికి ముందు ఊరూరా ఇనప వ్యాయామ యంత్రాల పిచ్చి. చిలకలు ఎగిరిపోయాయి గానీ యంత్రాలు ఇప్పటికీ ఉన్నాయి. వాటిమీద దుప్పట్లు బాగా ఆరతాయని ఊళ్లో ఆడవాళ్లు చెబుతారు.

సంస్థ ఎండీ గారు అధ్యయనం నిమిత్తం ఒక చలిదేశం వెళ్లారు. అక్కడ ఒక సరస్సులో ముసలీ ముతకా అందరూ సన్నటి పడవల్లో కాళ్లు చాపుకుని కూర్చుని, రెండు వైపులా రెక్కలున్న తెడ్డుతో నీళ్లు తోసుకుంటూ పోవడం చూసి ఆయన చలించిపోయారు. మనకీ కాలువలున్నాయి, మనకీ ముసలీ ముతకా ఉన్నారు, లేనివల్లా తెడ్లేనని గ్రహించి అక్కణ్ణుంచే ఉత్తర్వు పంపించారు. "తెడ్డు చేతబట్టి ఎరుగని సామాన్య పౌరుడు ఒక పూర్తి దినమున జలమార్గములో పయనింపదగిన వాస్తవిక దూరమును నిర్ధారించి, ప్రతిపాదన సమర్పించవలెను" అని దాని సారాంశం.

ఆ ఉత్తర్వు గోదావరి జిల్లాలో గాడిలంక లాకుల దగ్గరున్న శాఖ కార్యాలయానికి వచ్చింది. అక్కడ అసిస్టెంట్ మేనేజరు సుదర్శనం. యాభై దాటిన మనిషి, మంచివాడు, ఎవరి జోలికీ పోడు. చేసే పని శ్రద్ధగా చేస్తాడు. అందుకే తెడ్డు గురించి తెలిసిన మనిషి కోసం కాకినాడ నుంచి కోచ్ సుహాసినిని పిలిపించాడు. ఆ అమ్మాయి పెద్ద పోటీల్లో పతకాలు తెచ్చుకున్న మనిషి.

"ఏవమ్మా, కొత్తవాళ్లు రోజంతా తెడ్డేస్తే ఎంత దూరం పోతారంటావు?" అని అడిగాడు.

"రోజంతా ఎవరేస్తారు సార్? లైఫ్ జాకెట్లు తొడుక్కుని ఫొటోలు తీసుకునేటప్పటికే ఎండెక్కేస్తది. ఆ తర్వాత గంటకి మూడు కిలోమీటర్లు పోతే గొప్ప. అదీ తిన్నగా పోతే. కొత్తోళ్లు తిన్నగా పోరండి, ఈ గట్టునీ ఆ గట్టునీ గుద్దుకుంటా పోతారు. మధ్యమధ్యలో ఆపి మంచినీళ్లు తాగించాలి. మధ్యాన్నం దాటిందంటే సముద్రం గాలి ఎదురు తగులుద్ది. అప్పుడు ఎంత తెడ్డేసినా పడవ ఉన్నచోటే ఉంటాది."

"అయితే ఎంత రాయమంటావు?"

"పది రాయండి. అందరిలోకీ నెమ్మదిగా వెళ్లే మనిషికి ఎంత చేతనవుద్దో అదే అందరికీ లెక్క. పది దగ్గర కొత్తలాకుల బంగళా ఉంది, మెట్లున్నాయి, నీడుంది, గట్టెక్కడానికి వీలుగా ఉంటాది. అక్కడ భోజనం పెట్టేసి పంపించేద్దాం."

సుదర్శనానికి ఈ లెక్క నచ్చింది. ఆ సాయంత్రం ఇంటికెళ్లి భార్య ఇందుమతికి చెప్పాడు. ఇందుమతిది లంకలోనే పుట్టి పెరిగిన బతుకు. నడి వయసు వచ్చేదాకా కాలువను గట్టుమీద నుంచీ బస్సు కిటికీలోంచీ చూసిందే తప్ప కాలువలోంచి గట్టును చూసింది లేదు. కిందటేడు ఎడమ భుజం బిగుసుకుపోయి, తన జడ తను వేసుకోలేక ఎంత ఏడ్చిందో సుదర్శనానికి తెలుసు. ఇప్పుడిప్పుడే అది స్వాధీనంలోకి వస్తోంది. చెయ్యి ఆడిస్తూ ఉండమనీ, అలాగని మరీ శ్రమ పెట్టొద్దనీ డాక్టరు చెప్పాడు.

"ఎంత దూరమండీ?" అని అడిగింది.

"పది కిలోమీటర్లు."

"నిజంగా పదేనా?"

"పదే. మొహమాటం లేకుండా పది."

"అయితే నా పేరు రాయండి. రోజూ గట్టుమీద నాతో నడకకొచ్చే వాళ్ల పేర్లు కూడా. మీరు ఆఫీసులో ఎవరితో ఏం చెబుతారో నాకు తెలీదు గానీ, ఇంట్లో మాత్రం మీరు అంకె చెప్పారంటే అది అంతే. ఆ ధైర్యంతోనే దిగుతాను."

సుదర్శనానికి గుండె నిండిపోయింది. ఇన్నేళ్ల కాపురంలో ఆమె ఇంతకంటే పెద్ద యోగ్యతాపత్రం ఇచ్చింది లేదు. మర్నాటి నుంచే ఇందుమతి, ఆమె వెంట మరో ఏడుగురు ఆడవాళ్లు, సుహాసిని దగ్గర లాకుల పక్కన నిలవ నీళ్లలో తెడ్డు వెయ్యడం మొదలుపెట్టారు. ఏప్రిల్ వచ్చిందంటే కాలువలు కట్టేస్తారు. మళ్లీ నీళ్లొదిలేది జూన్‌లో వరినాట్లకి. అంచేత వెళ్తే ఇప్పుడే వెళ్లాలి.

ఇంతవరకూ అంతా సవ్యంగానే ఉంది. తరవాత సుదర్శనం ప్రతిపాదన రాయడానికి కూర్చున్నాడు.

ఇక్కడ ఆయన ఉద్యోగ జీవితం గురించి ఒక ముక్క చెప్పాలి. కావలసింది కావలసినట్టు అడగడం ఆ సంస్థలో పసితనం కింద లెక్క. నాలుగు ఫ్యాన్లు కావాలంటే ఎనిమిది అడగాలి. పైవాళ్లు సగం కోస్తారు, నాలుగొస్తాయి, అందరికీ గౌరవంగా ఉంటుంది. వెనకటికి కొత్తగా చేరిన కుర్ర ఉద్యోగి ఒకడు, ఒక బీరువా కావాల్సి వచ్చి ఒక బీరువాయే అడిగాడు. తలుపుల్లేకుండా వచ్చింది. ఆ బీరువాని సుదర్శనం రోజూ చూస్తూ ఉద్యోగం చేశాడు. అంచేత పది కావాల్సిన చోట చెయ్యి వణక్కుండా ఇరవై అని రాశాడు. అబద్ధం రాస్తున్నానని ఆయనకు తోచనైనా లేదు. వరసలో నించున్నప్పుడు ముందుకి తోసుకున్నట్టే ఇదీను.

ప్రతిపాదన ఎకౌంట్స్ ఆఫీసరు నరహరి దగ్గరికి వెళ్లింది. నరహరి చేతిలో పడి సగానికి తగ్గకుండా బయటపడ్డ కాగితం ఆ సంస్థలో లేదు. ఆయన ఎర్ర పెన్సిలు చెక్కుకుని చదవడం మొదలుపెట్టాడు. కిందా పైనా చూశాడు. ఎక్కడా రూపాయి గుర్తు లేదు. కిలోమీటర్లు తప్ప మరేం లేవు. ఉద్యోగంలో చేరాక మొదటిసారి ఆయన పెన్సిలు కింద పెట్టేశాడు. "కిలోమీటర్ల వలన సంస్థపై ఆర్థిక భారము పడనందున కోత విధించుటకు ఆస్కారము కానరాలేదు" అని రాసి పైకి పంపాడు.

పైన ఎండీ గారి బల్లమీద అప్పటికే పక్క జిల్లా ప్రతిపాదన ఉంది. అక్కడి అసిస్టెంట్ మేనేజరూ సుదర్శనం లాంటివాడే, కాకపోతే రెండాకులు ఎక్కువ చదివినవాడు. పాతిక రాశాడు. "గాడిలంక శాఖ వెనుకబడి యుండుట సంస్థ ప్రతిష్ఠకు భంగకరము" అని ఎండీ గారు వ్యాఖ్యానించి, ఇరవై కొట్టేసి ముప్పై చేశారు. కాగితం తిరిగొచ్చింది. మంజూరైన వాస్తవిక దూరం, ముప్పై కిలోమీటర్లు.

సుదర్శనం కుర్చీలో కూలబడ్డాడు. ముప్పై అంటే కొత్తలాకులు దాటి, ఉప్పుటేరు దాటి, ఏరు సముద్రంలో కలిసే మొగ కనిపించే చోటు. ఇందుమతి భుజం గుర్తొచ్చింది.

రెండోరోజే రాజధానికి బయల్దేరాడు. ఎండీ గారి గదిలో గోడకి ఒక ఎర్ర కయాక్ వేలాడదీసి ఉంది. దాని కింద కూర్చుని ఎండీ గారు ఓపిగ్గా విన్నారు.

"అనగా, మంజూరైన దూరాన్ని తగ్గించమని మీ అభ్యర్థన," అన్నారు.

"అవునండి. కొత్తవాళ్లు సార్. ఆడవాళ్లు. అంత వెయ్యలేరు."

"సుదర్శనం గారూ, మంజూరు పెంచమని వచ్చినవారిని చూశాను. మంజూరు కోసం నా గది బయట రోజులు గడిపినవారిని చూశాను. ఇచ్చింది వద్దనే ఉద్యోగి నా దృష్టికి రావడం ఇదే ప్రథమం. సరే, తగ్గింపునకు ఒక విధానం లేకపోలేదు. ఆదిలో అధికంగా ఎందుకు కోరారో సంజాయిషీ సమర్పించి, మిగులు దూరాన్ని సరెండర్ చేయవచ్చును. సంజాయిషీ సిద్ధంగా ఉందా?"

ఒక్క ఇరవై గురించి నోరు విప్పితే, ఆ వెనకే ఎనిమిది ఫ్యాన్లూ, పన్నెండు కుర్చీలూ, నీళ్లు పడని రెండో బోరూ వరసగా బయటికొస్తాయి. "లేదండి" అన్నాడు సుదర్శనం.

"ఆందోళన వలదు. మంజూరైనదంతా ఒకే పర్యాయం ఇచ్చివేయడం సంస్థ సంప్రదాయం కాదు. విడతలవారీగా విడుదల చేస్తాం. ప్రథమ విడతగా నాలుగో వంతు."

నాలుగో వంతు అంటే ఏడున్నర. పదికంటే తక్కువే. సుదర్శనం ఎండీ గారికి రెండుసార్లు దణ్ణం పెట్టి బయటపడ్డాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, దేవుడున్నాడనుకున్నాడు.

"ముందు ఏడున్నరేనట ఇందూ," అని ఇంటికొచ్చి చెప్పాడు.

"పదన్నారు గదండీ."

"మిగతాది తర్వాత విడుదలవుతుంది."

"అదేంటండీ, దూరం విడుదలవడమేంటి? కాలువలో దూరం కాలువలోనే ఉంటుంది గదా, ఎవరి దగ్గరుంటుంది?"

"నీకు ఆఫీసు సంగతులు తెలీవులే" అన్నాడు సుదర్శనం. అది ఆయన ఇంట్లో ఎప్పుడూ వాడని మాట. ఇందుమతి ఒకసారి ఎగాదిగా చూసి ఊరుకుంది.

సుహాసిని మాత్రం ఊరుకోలేదు. "ఏడున్నర దగ్గర ఏవుందో చూశారా సార్? అటూ ఇటూ చేపల చెరువులు, ముళ్లకంచె. మోకాల్లోతు బురద. అక్కడ పిల్లి కూడా దిగదు" అంది. ఆ సంగతి నరహరికి ఫోన్ చేసి చెబితే, గట్టెక్కే చోటు వేరే పద్దు కిందికి వస్తుందనీ దాన్ని వచ్చే ఏడు పరిశీలిస్తామనీ అన్నాడు.

ఎండీ గారి తీరిక కోసం ప్రారంభోత్సవం మూడుసార్లు వాయిదా పడింది. ఆఖరికి మార్చి ముప్పై ఒకటిన కుదిరింది. సంస్థలో ఏ మంచిపనైనా కుదిరేది ఆ రోజునే.

పొద్దున్నే దిగాలని సుహాసిని ఆరింటికే అందరినీ నిలబెట్టింది. ఎండీ గారు తొమ్మిదింటికి వచ్చారు. జ్యోతి వెలిగించారు, గాలికి ఆరిపోయింది. మళ్లీ వెలిగించారు. లైఫ్ జాకెట్ల మీద ఎనిమిది మందికీ శాలువాలు కప్పారు. "తెడ్డు అనునది ఒక కర్ర కాదు, అది సాధికారత" అని ఎండీ గారు ఉపన్యసించారు. ఎండ నెత్తికెక్కుతుండగా పడవలు కదిలాయి.

కదిలాక మాత్రం చూడాలి. మొదట కాసేపు గట్లని గుద్దుకున్నారు. ఇందుమతి నేస్తం గంగాభవాని పడవ వెనక్కి తిరిగి, కాసేపు అందరికీ ఎదురు నడిచింది. ఆ పైన చేతులు దారికొచ్చాయి. రెండు గట్ల మీదా కొబ్బరిచెట్లు వంగి నీళ్లలోకి చూస్తున్నాయి. గూడకొంగ ఒకటి పడవల ముందు ఎగురుతూ, వాలుతూ పోతోంది. గట్టుమీద రోడ్డులో జీపు నెమ్మదిగా నడుస్తోంది. అందులో ఎండీ గారు, నరహరి, సుదర్శనం. జీపు పైన మైకు. నరహరి వ్యాఖ్యానం చెబుతున్నాడు.

సుదర్శనం కళ్లు ఇందుమతి మీదే ఉన్నాయి. ఆమె తెడ్డు వేస్తూ తనలో తను నవ్వుకుంటోంది. ఎవరి కోసమూ నవ్వని నవ్వు. పెళ్లయిన కొత్తలో చూసి ఉంటాడు అలాంటి మొహం. ఆయనకు అమాంతం సంతోషం ముంచుకొచ్చింది, దాని వెనకే భయమూ వచ్చింది.

ఏడున్నర దగ్గర కాలువకి అడ్డంగా తాడు కట్టి ఉంది. తాడుకి ఎర్రగుడ్డ, గుడ్డ పక్కన బోర్డు. "మంజూరు హద్దు. విడుదల కాని దూరములో ప్రవేశించరాదు." నరహరి ముందురోజు స్వయంగా దగ్గరుండి కట్టించిన తాడు అది.

పడవలు ఒకదానికొకటి తగులుకుని ఆగాయి. జీపు ఆగింది.

"ఏవండీ, ఏంటిది?" అని ఇందుమతి కాలువలోంచి అడిగింది.

"రెండో విడత రావాలి," అన్నాడు సుదర్శనం గట్టుమీద నుంచి.

"అన్నం ఎక్కడుంది?"

"కొత్తలాకుల దగ్గర."

"మరి మమ్మల్ని ఇక్కడ ఆపారేం?"

"భోజనం పద్దు వేరమ్మా," అని నరహరి కలగజేసుకున్నాడు. "అది పూర్తిగా విడుదలైపోయింది. దూరమే రావాలి."

ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "మా ఇంట్లో అన్నం లేకపోయినా దూరానికి లోటు లేదండీ" అని గంగాభవాని అంది గానీ ఎవరూ నవ్వలేదు. దిగుదామంటే ముళ్లకంచె, బురద. వెనక్కి పోదామంటే ఏడున్నర.

ఈలోగా సుహాసిని చెప్పిన గాలి రానే వచ్చింది. సముద్రం వైపు నుంచి మొహాల మీద కొడుతూ పడవల్ని వెనక్కి తోస్తోంది. ఉన్నచోట ఉండటానికే తెడ్డు వెయ్యాల్సి వచ్చింది. నరహరికి అప్పుడే ఒక ధర్మసందేహం పుట్టింది.

"సార్, వీళ్లు వెనక్కి కొట్టుకుపోతున్నారు. మళ్లీ ముందుకేస్తున్నారు. ఈ ముందుకేసే దూరం పాత వినియోగం కింద రాయాలా, కొత్త వినియోగం కింద రాయాలా?"

"వెనక్కి పోయినదాన్ని జమ చూపించండి," అన్నారు ఎండీ గారు.

"జమ చూపిస్తే నిల్వ పెరుగుతుందండి. ఆడిట్ వాళ్లు అడుగుతారు."

"అయితే గాలి శాఖాపరమైనది కాదని నోట్ పెట్టండి."

సుదర్శనం ఉండబట్టలేక అడిగాడు. "సార్, విడుదల చెయ్యాల్సింది తమరే గదండీ. ఒక్క మాట అంటే చాలు."

"నేనే. కానీ ఇప్పుడు నేను క్యాంపులో ఉన్నాను. విడుదల చేయు అధికారం నా కుర్చీకి ఉంది, నాకు లేదు. కుర్చీలో ఇన్‌ఛార్జి ఉన్నారు. ఆయనకు అభ్యర్థన పంపుతాను." ఎండీ గారు జీపు బానెట్ మీద కాగితం పెట్టుకుని, తన కుర్చీకి తనే "విధేయుడు" అని సంతకం చేసి, ఫోన్లో ఫొటో తీసి పంపారు.

సమాధానం రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చాక నరహరి దాన్ని మైకులో చదివాడు. సంవత్సరాంతం అయినందున రెండు, మూడు, నాలుగు విడతలు ఏకమొత్తంగా విడుదల. ఇరవై రెండున్నర కిలోమీటర్లు. కార్యాలయ వేళలు ముగిసేలోగా వినియోగించని పక్షంలో అవి మురిగిపోతాయి. వచ్చే ఏడు ఆ మేరకు కోత.

తాడు విప్పారు. ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు, పాపం.

"ఒక్క మీటరు కూడా మురగడానికి వీల్లేదు," అని ఎండీ గారు మైకు అందుకున్నారు. "సోదరీమణులారా, భోజనం దాటి ముందుకు సాగండి. ఉప్పుటేరు మీకోసం ఎదురుచూస్తోంది."

చప్పట్లు ఆగిపోయాయి. సుహాసిని తన పడవలో లేవబోయి, పడబోయి, కూర్చుంది. "ఎవరేస్తారండీ అంత? ఎదురుగాలిలోనా? వీళ్ల చేతులు మనుషుల చేతులా, మిల్లు చక్రాలా?"

ఇందుమతి తెడ్డు ఒళ్లో అడ్డంగా పెట్టుకుని, కుడిచేత్తో ఎడమ భుజం పట్టుకుంది. సుదర్శనం అది చూశాడు.

ఆయన బుర్ర ఆపదలో అలవాటైన దారినే పరిగెత్తింది. "సార్, ఎనిమిది మంది ఉన్నారు. ఒక్కొక్కరూ ఏడున్నర వేశారు. మొత్తం కలుపుకుంటే మంజూరు ఎప్పుడో అయిపోయినట్టే గదండీ. ఇక వెయ్యక్కర్లేదు."

నరహరి మొహం వెలిగింది. వేళ్ల మీద లెక్క వేశాడు. వేస్తూ వేస్తూ మొహం ఆరిపోయింది. "అరవై అయిందండి. మంజూరు ముప్పై. అధిక వినియోగం, అనుమతి లేకుండా. రికవరీ పెట్టాలి."

"ఎవరి దగ్గర?"

"వేసినవాళ్ల దగ్గరే. వాడుకున్న దూరంలో సగం తిరిగి ఇవ్వాలి. అంటే వెనక్కి వెయ్యాలి."

"న్యాయమే," అన్నారు ఎండీ గారు. "వెనక్కి పంపండి."

అప్పుడు సుదర్శనం నోరు విప్పాడు. ధైర్యం వచ్చి కాదు, ఇంక రాయడానికి అంకెలు మిగల్లేదు.

"సార్, అసలు పదే సార్. మొదట్నుంచీ పదే. ఈ అమ్మాయి పది చెప్పింది. మీరు సగం కోస్తారని నేను ఇరవై రాశాను. ఎప్పుడూ ఇంతే. ఫ్యాన్లూ అంతే, కుర్చీలూ అంతే. కావలసింది ఎంతో నేను ఎప్పుడూ రాయలేదు."

మైకు ఆపలేదని అప్పుడు గమనించాడు. ఆ మాటలు కాలువ పొడుగునా పోయి, చేపల చెరువుల మీదుగా తిరిగొచ్చాయి. కాలువలో ఇందుమతి తల ఎత్తి ఆయనకేసే చూస్తోంది.

నరహరి కంట నీరు పెట్టినంత పని చేశాడు. "నాకొక్క మాట చెబితే కోసిపెట్టేవాణ్ణి గదండీ సుదర్శనం గారూ. ఇన్నేళ్ల స్నేహంలో అంత చెయ్యనా?"

ఎండీ గారు మాత్రం కోప్పడలేదు. కళ్లు మూసుకుని ఆలోచించారు. "అనగా, మీరు చెప్పు అంకెలో వాస్తవం సగం."

"అవునండి, కానీ..."

"ఇప్పుడు పది అంటున్నారు. అందులో సగం అయిదు. వాస్తవిక దూరం అయిదు కిలోమీటర్లుగా సవరిస్తున్నాను."

"లేదు సార్, ఈసారి నిజంగానే పది. ఒట్టు."

"ఒట్టు వేశారు గనుకనే సగం ఇచ్చాను. నరహరి గారూ, లక్ష్యం అయిదు, ఒక్కొక్కరి సాధన ఏడున్నర. ఎంత శాతం?"

"నూటయాభై శాతం సార్."

ఎండీ గారు జీపు దిగి, కాలువకి ఎదురుగా నించుని, చేతులు జోడించారు. లక్ష్యాన్ని మించి సాధించిన గాడిలంక మహిళలకు సంస్థ తరఫున అభినందనలు తెలియజేశారు. కార్యక్రమం జయప్రదంగా ముగిసినట్టు ప్రకటించారు. ఆ తరవాత భోజనం చల్లారిపోతుందని నరహరి గుర్తు చేస్తే, జీపెక్కి కొత్తలాకుల వైపు వెళ్లిపోయారు. సుదర్శనం గట్టుమీదే ఉండిపోయాడు.

కార్యక్రమం ముగిసింది గానీ ఆడవాళ్లు కాలువలోనే ఉన్నారు. గాలి ఎదురుగానే ఉంది.

"ఏవండీ," అని పిలిచింది ఇందుమతి. గొంతులో కోపం లేదు. అదే ఆయన్ని ఎక్కువ భయపెట్టింది. "బంగళా ఇంకా ఎంత దూరం?"

"రెండున్నర, ఇందూ."

ఆమె తక్కిన పడవల వైపు తిరిగింది. "ఒకటింబావంటమ్మా. పదండి, అన్నం తినేద్దాం."

"కాదు ఇందూ, నిజంగా రెండున్నరే."

"ఇందాకటిదాకా ఏడున్నరా నిజమే, ముప్పైయ్యీ నిజమేనట గదండీ. ఇంట్లో చెప్పినవి ఏ లెక్కన కోసుకోవాలో ఇంటికెళ్లాక తీరిగ్గా చూసుకుందాం." తెడ్డు నీళ్లలో ముంచింది. మూడు సార్లు వేసి, ఆగి, మళ్లీ భుజం పట్టుకుంది.

ఎండీ గారు పదిని అయిదు చేసినప్పుడు కూడా సుదర్శనం అంత బాధ పడలేదు. ఒకటింబావు అనుకుని వేసేవాళ్లు, ఒకటింబావు తరవాత బంగళా కనపడకపోతే అక్కడే చేతులొదిలేస్తారు. రెండున్నరని అరవాలనిపించింది. అరిస్తే ఎవరు నమ్ముతారు?

సుహాసిని పడవ వెనక ఖాళీ పడవ ఒకటి తాడుకి కట్టి ఉంది, ఎవరికైనా అవసరం పడుతుందని. సుదర్శనం చెప్పులు విప్పి, ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి, కంచెలో రెండు కొయ్యల మధ్య నుంచి దూరి, చొక్కా చింపుకుని, బురదలోకి దిగాడు. పిల్లి దిగని చోట ఆయన దిగాడు. సుహాసిని పడవ దగ్గరగా పట్టుకుని, ఆయన్ని ఎలాగో అందులో కుదేసి, జాకెట్ తొడిగి, తెడ్డు చేతికిచ్చింది.

తిన్నగా పోవడం ఆయనకు ఒక్కసారీ కుదరలేదు. కుడిగట్టుని గుద్దాడు. ఎడమగట్టుని గుద్దాడు. గంగాభవాని పడవని గుద్ది క్షమాపణ చెప్పుకున్నాడు. గాలి పడవ ముక్కు పట్టుకుని పక్కకి తిప్పుతోంది. తెడ్డు ఎత్తినప్పుడల్లా నీళ్లు కారి చొక్కా చేతుల్లోకి పోతున్నాయి. కాసేపటికి భుజాలు మండటం మొదలైంది, ఆ తరవాత నడుం. ఒక మలుపు తిరిగితే ఇంకో మలుపు. బంగళా జాడ లేదు.

ఒకటింబావు ఎప్పుడో దాటిపోయింది. ఇందుమతి పడవ ఆగి, ఆయన పడవ పక్కకి వచ్చేదాకా ఉంది.

"నీ భుజం ఎలా ఉంది?" అని అడిగాడు రొప్పుతూ.

"నొప్పిగా ఉంది. సుహాసిని చెప్పినట్టు కాస్త కాస్త ఆగి వేస్తున్నాను. చేరతాను." ఆమె ఆయన్ని ఆపాదమస్తకం చూసింది. చిరిగిన చొక్కా, మోకాళ్ల దాకా బురద, ఎర్రబారిన అరచేతులు. "మీకెలా ఉంది?"

"బానే ఉంది" అనబోయాడు. నోటిదాకా వచ్చింది. మింగేశాడు.

"చేతులు పడిపోతున్నాయి ఇందూ. ఇంత కష్టమని తెలీదు. ముప్పై మంజూరై వచ్చిన రోజే నీకు చెప్పాల్సింది, భయపడ్డాను. ఇప్పుడు నాకు ఏడుపొస్తోంది."

ఇందుమతి ఆ మాటలో ఏమీ కోయలేదు.

"ఈ పక్కకి రండి," అంది. "గట్టు వార గాలి తక్కువగా ఉంది. తెడ్డు మరీ లోతుగా ముంచకండి."